చక్రాల ఇంటికి డిష్ పెట్టిన రోజు

ఆగండి, ఆగండి. డిష్ తిప్పడం కూడా ఒక పనేనా అని మన కువైట్ కుర్రాళ్ల గ్రూపులో అన్నారు చూడండి, ఆ మాట నాకింకా మింగుడు పడలేదు. ఫోన్‌లో యాప్ తెరిచి, అది చూపించిన వైపు గొడుగు తిప్పి, స్క్రూ బిగించి రావడమేనట! ఇంకొకడైతే "ఇప్పుడు టీవీ ఎవడు చూస్తున్నాడు బ్రో, అంతా ఫోన్‌లోనేగా" అని నవ్వే బొమ్మ కూడా పెట్టాడు. ఏం తమ్ముడూ, ఫోన్ నీ ఒక్కడికే ఉందా? స్నానానికి వెళ్తూ కూడా ఫోన్ పట్టుకెళ్లే రకాన్ని నేను. అయినా చెబుతున్నా విను. టవర్ కింద గదిలో కూర్చుని మాట్లాడడం తేలిక. సాల్మీ రోడ్డు దిగి ఎడారిలోకి వెళ్లి చూడు, నీ ఫోన్ నాలుగు మాటలకి, టార్చి లైటుకి తప్ప దేనికీ పనికి రాదు.

నేను డిష్ పని నుంచి రిటైరయ్యాను. నవ్వకండి. పళ్లూడి రిటైరవ్వలేదు, నోరు ఊరుకోక రిటైరయ్యాను. ఇప్పుడు కెమెరాలు బిగిస్తున్నాను. అంతకు ముందు కొన్నేళ్లు రిగ్గైలో ఒక చిన్న డిష్ షాపులో పని. పుట్టి పెరిగింది బెజవాడ నడిబొడ్డు. ట్రాఫిక్ హారన్ వినపడకపోతే నిద్ర పట్టని వాణ్ని. అలాంటి నన్ను తీసుకెళ్లి ఒంటెల మధ్య నిలబెట్టింది ఆ పని. ఆ రోజు సంగతే మీకు చెప్పాలి. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మా షాపులో పనులు పంచేది ఒక ఫోర్‌మేన్. కోనసీమ మనిషి, కువైట్‌లో నాకంటే చాలా సీనియర్. మేమంతా ఆయన్ని గురువు గారూ అనేవాళ్లం. మాకు ఎక్కువగా వచ్చేవి అపార్ట్‌మెంట్ల మేడల మీద పనులు, మిష్రిఫ్ లాంటి చోట్ల విల్లాల పనులు. ఆ చలికాలం మొదట్లో ఒక రోజు ఆయన నన్ను పిలిచి, "ఏరా, ఎడారిలో ఒక కారవాన్ ఉందంట. దానికి డిష్ కావాలంట. వెళ్లి చూసొచ్చేయ్" అన్నాడు.

"క్యాంపింగ్‌కి వచ్చినోళ్లా?"

"కాదురా బాబూ. ఆ పెద్దాయన ఉండేదే అందులో. ఏడాదంతా అందులోనే కాపరం."

అలా పరిచయమయ్యాడు ఆ కువైటీ ముసలాయన. జహ్రాలో పెద్ద ఇల్లు, ముగ్గురు కొడుకులు, మనవలు, అన్నీ ఉన్నాయి. భార్య పోయాక ఆ ఇంట్లో ఉండలేకపోయాడట. ఒక కారవాన్ కొనుక్కున్నాడు. అందులో మంచం, చిన్న వంటగది, ఏసీ, బయట జనరేటర్. తన ఒంటెలు ఎక్కడుంటే అక్కడ కారవాన్. వాన పడి ఏ పక్కన పచ్చిక మొలిస్తే ఆ పక్కకు లాగించుకు వెళ్తాడు. లాగేది, వండేది, బట్టలుతికేది, మందులిచ్చేది అంతా ఒకే మనిషి. మన అన్నమయ్య జిల్లా అన్న. ఇక్కడ ఇళ్లలో పనిచేసే వాళ్లందరిలాగే ఆయన కూడా యజమానిని బాబా అంటాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను గొప్పగా పని చేశాననుకున్నాను. కారవాన్ పైకప్పుకు డిష్ బిగించాను. వాన నీరు దిగకుండా స్క్రూల చుట్టూ సిలికాన్ పూశాను. అరబ్ ఛానెళ్లన్నీ వచ్చాయి. కారవాన్ ముందు నిలబడి వీడియో తీసి స్టేటస్ కూడా పెట్టాను. సాయంత్రానికి అన్న ఫోన్.

"అబ్బీ, బొమ్మ ఆగి ఆగి వస్తాంది."

"కదిలించారా డిష్షుని?"

"డిష్షుని యాడ కదిలిచ్చినాం? నేను కదిల్తే పోతాంది."

అర్థం కాలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి చూశాను. కారవాన్ చక్రాల మీద, స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది కదా. అన్న వంటగదిలో రెండడుగులు వేస్తే బండంతా ఊగుతుంది. దాంతో పాటు పైనున్న డిష్ ఊగుతుంది. బొమ్మ పెంకుల్లా విరిగిపోతుంది. నేను లోపల ఉండగానే ముసలాయన టీవీ ముందు కూర్చుని చెయ్యెత్తి అరిచాడు. అన్న చేతిలో గరిటె, ఒక కాలు గాల్లో, కొంగలాగా నిలబడిపోయాడు.

"చూస్తివా నా బతుకు?" అన్నాడు అలాగే నిలబడి. "వార్తలైపోయేదాకా ఎసట్లో బియ్యం వేయనీడు."

అది పోనీ అనుకుంటే, కారవాన్ చోటు మారిన ప్రతిసారీ డిష్ దిక్కు మారిపోతుంది. మళ్లీ ఫోను, మళ్లీ నేను, మళ్లీ షాపు వాళ్ల విజిట్ బిల్లు. అరబ్ ఛానెళ్లకి డిష్ పశ్చిమ దక్షిణాల మధ్యకి చూడాలి. వేలెడంత పక్కకి తిరిగినా ఏమీ రాదు. మా ఫోర్‌మేన్ మాత్రం ఆ ముసలాయన పేరు చెబితే చాలు, మొహం వెలిగిపోయేది. "బంగారంలాంటి కస్టమరు రా. కదులుతానే ఉంటాడు, పిలుత్తానే ఉంటాడు" అనేవాడు.

ఆ ముసలాయనకి టీవీ ఎందుకింత అవసరమో నాకు తర్వాత తెలిసింది. వార్తల కోసమే కాదు. ఆయన దగ్గర ఒక ఆడ ఒంటె ఉండేది. తల్లి చచ్చిపోతే ఆయనే సీసాతో పాలు పట్టి పెంచాడు. దాన్ని 'బింత్' అని పిలిచేవాడు, మన భాషలో పిల్లా అన్నట్టు. అది పరుగులో దిట్ట అయింది. పక్క దేశంలో పెద్ద పందెం, దాన్ని లారీలో ఎక్కించి రెండో కొడుకు తీసుకెళ్లాడు. ముసలాయన గుండెకి ఆపరేషన్ అయింది కాబట్టి ప్రయాణాలు వద్దన్నారు డాక్టర్లు. పందెం ఒక స్పోర్ట్స్ ఛానెల్లో లైవ్ వస్తుంది. అదొక్కటే ఆయనకి దారి.

"జహ్రాలో ఇంటికి పోయి చూడొచ్చు కదన్నా?" అన్నాను ఒకసారి.

అన్న నా వైపు జాలిగా చూశాడు. "పోయినేడు ఆపరేషనప్పుడు రెండు దినాలని పిల్చుకొని పోయినారబ్బీ కొడుకులు. కారవాను తాళాలు దాచిపెట్టినారు. నెలలు పట్టె బయటపడేకి. ఆ గదిలో బాబా గోడ తట్టు చూస్తా పండుకొని ఉంటే నాకు కూడు దిగల్యా. ఇప్పుడు పెద్ద కొడుకు మళ్లీ మొదలుపెట్టినాడు. గోడంత టీవీ ఉండాది, వచ్చి చూడు నాయనా అని."

"పక్క డేరాల వాళ్ల దగ్గర?"

"నా బిడ్డ పరుగు ఇంగొకని డేరాలో సుట్టంగా కూర్చోని సూడనంటాడు."

అంటే లెక్క తేలిపోయింది. తన కారవాన్‌లో బొమ్మ వస్తే పందెం చూస్తాడు, తన బతుకు తను బతుకుతాడు. రాకపోతే, ఒంటెని చూడాలన్న ఆశతో ఆ గుమ్మం ఎక్కుతాడు. ఎక్కితే మళ్లీ దిగనివ్వరు.

పందెం గురువారం మధ్యాహ్నం. ఆ పొద్దున్నే అన్న ఫోన్.

"అబ్బీ, టీవీ మాకూ! నిన్న సందేళ కొత్త చోటికి వస్తిమి. ఏమీ రావడంల్యా. బిన్నా రాప్పా!"

మాకూ అంటే ఇక్కడి అరబ్బీలో లేదు అని. నాకు బీపీ పెరిగింది. "పందెం ముందు రోజు ఎవరైనా బండి కదుపుతారా అన్నా? బుర్ర ఉందా మీకు?"

"ఒంటెలకి ఆకలైతే పందెమని ఆగుతాయా?" అన్నాడు అన్న.

షాపులో ఆ రోజు నాకు మిష్రిఫ్‌లో ఒక విల్లా పని రాసి ఉంది. ఫోర్‌మేన్ నా మాట వినగానే చెయ్యి ఊపాడు. "ఎహె, కారవాన్ గొడవ రేపు చూద్దాం లే. ముందు విల్లాకి పో."

"రేపు పోతే ఒంటెలు వెనక్కి వచ్చి మళ్లీ పరిగెడతాయా గురువు గారూ?"

"నోరు తగ్గించు. సరే, వెళ్లిరా. మధ్యాహ్నానికల్లా మిష్రిఫ్‌లో ఉండాలి. ఫోన్ చేత్తే ఎత్తాలి, అర్థమైందా?"

అర్థమైందని తలూపి, వనెట్ వెనక, అదే మా పికప్ ట్రక్కు, ఒక మూడు కాళ్ల స్టాండు పడేసుకుని బయల్దేరాను. ఈసారి పైకప్పు జోలికి పోకూడదని ముందే అనుకున్నాను. డిష్ నేల మీదే ఉండాలి, కారవాన్ ఎంత ఊగినా దానికి సంబంధం ఉండకూడదు. తారు రోడ్డు చివర అన్న నా కోసం ఎదురు చూస్తున్నాడు. ఆయన బండి వెనకే ఇసకలో పోతే, ఒక చిన్న పల్లంలో కారవాన్, చుట్టూ ఒంటెలు. ముసలాయన దూరంగా ఒంటెల దగ్గరున్నాడు.

స్టాండు దించి, పైకప్పు మీది డిష్ విప్పి దానికి బిగించి, ఫోన్‌లో యాప్ తెరిచాను. దిక్కు చూపించే ముల్లు పిచ్చి పట్టినట్టు తిరుగుతోంది. కారవాన్ ఇనుము పక్కన అది తిక్కతిక్కగా చూపిస్తుందని తెలుసు, అందుకే దూరం జరిగాను. అక్కడ జనరేటర్. ఇంకొంచెం జరిగాను. అక్కడ కారవానే అడ్డం. ఫైండర్ అని మా దగ్గర చిన్న మీటరు ఉంటుంది, సిగ్నల్ తగిలితే కూస్తుంది. దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. ఒక్క కూత లేదు. పైనుంచి ఎండ, కింద ఇసక. ఫోన్‌ని ఇసకలోకి విసిరేశాను. వెంటనే పరిగెత్తి తెచ్చుకుని తుడుచుకున్నాను, అది వేరే సంగతి.

"ఆ ఫోను వాయిదాలు తీరినాయా?" అన్నాడు అన్న వంటగది కిటికీలోంచి.

"నువ్వు వంట చెయ్యన్నా!"

చివరికి కారవాన్ వెనక వైపు, తలుపుకి పక్కగా, ఖాళీగా చదునుగా ఉన్న జాగా కనిపించింది. ఇసక కూడా ఎవరో ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. ఇంత మంచి చోటు వదిలేసి ఎక్కడెక్కడో తిరిగానేంటి అనుకుని స్టాండు అక్కడ పాతాను. కాళ్ల మీద ఇసక మూటలు పెట్టాను. మెల్లగా తిప్పాను. ఫైండర్ కూసింది! అలా ఇలా కాదు, చెవులు చిల్లులు పడేలా కూసింది. లోపలికి పరిగెత్తి చూస్తే బొమ్మ అద్దంలా ఉంది. అన్నని వంటగదిలో గెంతమన్నాను. గెంతాడు. బొమ్మ చెక్కు చెదరలేదు. ఇద్దరం కలిసి గెంతాం. బయటికొచ్చి డిష్ వెనక నిలబడి నాలుగు ఫోటోలు, ఒక వీడియో.

అప్పుడొచ్చాడు ముసలాయన. నమాజు వేళ. కాళ్లూ చేతులూ కడుక్కుని, చాప భుజాన వేసుకుని, కారవాన్ వెనక్కి తిరిగి, ఆగిపోయాడు.

"శినూ హాదా?"

ఇదేంటి అని. గొంతులో నిప్పులున్నాయి. నేను మెచ్చుకుంటాడనుకుని "డిష్ బాబా! టీవీ జైన్, చాలా బాగుంది!" అన్నాను.

కిటికీలోంచి అన్న తల బయటికొచ్చింది. డిష్షుని చూసి తల పట్టుకున్నాడు. "సచ్చిపోతిమి రా అబ్బీ! అది బాబా నమాజు చేసే తావు. పొద్దున ఆయప్పే ఊడ్చుకున్యాడు. సరిగ్గా ఎదురుంగా పెట్టినావే! ఆయప్ప వంగితే నీ డిష్షుకి మొక్కినట్లు కాదా?"

చూశాను. నిజమే. ఆయన చాప పరిచి నిలబడితే, మొహానికి ఎదురుగా నా గొడుగు వీపు. మనం గుడిలో దేవుడికీ భక్తుడికీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. మరి నాకెలా తెలుస్తుంది? పొద్దున్నుంచీ మాడిపోయి ఉన్నాను. నోరు ఆగలేదు.

"ఎడారి ఇంతుందిగా అన్నా! చాప కొంచెం పక్కకి వేసుకోమను!"

నేనన్నది తెలుగులోనే. కానీ నా చెయ్యి చూపించిన తీరు చాలు. ముసలాయన చేతికర్రతో డిష్షుని చూపించాడు, తర్వాత నన్ను చూపించాడు, తర్వాత దూరంగా రోడ్డుని చూపించాడు. అరబ్బీలో ఏదేదో అన్నాడు. అన్న తర్జుమా చేశాడు: "అదన్నా పోవాల, నువ్వన్నా పోవాల అంటాండు. ముందు అది తియ్యి అబ్బీ, నీకు దండం పెడ్తా."

"అంత కష్టపడి పట్టింది! మళ్లీ దొరక్కపోతే?"

"తీయప్పా!"

పీకేశాను. ఫైండర్ మూగబోయింది. లోపల టీవీలో 'సిగ్నల్ లేదు' అని వచ్చి ఉంటుంది, చూడ్డానికి మనసొప్పలేదు. ముసలాయన చాప పరిచి నిలబడ్డాడు. నేను కాస్త వెనగ్గా, వనెట్ నీడలో మూతి ముడుచుకుని కూర్చున్నాను. కూర్చుంటే నా చెయ్యి ఏం చేస్తుంది? ఫోన్ తీస్తుంది. ఇందాక తీసుకున్న ఫోటోలు చూసుకుంటూ కూర్చున్నాను. ఇంత బాగా వచ్చిన సిగ్నల్‌ని చేజేతులా పీకేశానే అని ఏడుస్తూ.

ఫోటోలో డిష్ వీపు. ఎదురుగా ముసలాయన వీపు. ఫోటో చూశాను. ఆయన్ని చూశాను. మళ్లీ ఫోటో. ఒక్కసారి లేచి నిలబడ్డాను. ఇసకలో స్టాండు కాళ్లు పాతిన గుంటలు ఇంకా ఉన్నాయి. నా డిష్ ఎటు చూసిందో ఆయన కూడా అటే చూస్తున్నాడు! కాస్త తేడా. ఆయన నిలబడిన దానికి డిష్ రవ్వంత ఎడమకి ఉందంతే.

ఆయన చూసేది మక్కా వైపు. డిష్ చూసేది ఆకాశంలో ఎక్కడో ఉన్న ఉపగ్రహం వైపు. కువైట్లో నిలబడితే రెండూ దాదాపు ఒకే దిక్కు. ఇన్నేళ్లు మేడల మీద డిష్‌లు తిప్పాను, నాకెప్పుడూ తట్టలేదు. తట్టాల్సిన అవసరమూ రాలేదు. కానీ ఈయన? ఈయన కారవాన్ ఎక్కడ ఆపినా ముందు ఆ దిక్కు చూసుకునే కదా చాప పరుస్తాడు! కనుక్కోవడానికి ఈయనకి యాప్ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు!

కిటికీ దగ్గరికి పరిగెత్తి అన్నకి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

"ఆ మాట నోట్లోంచి రానీకు. దేవునికీ టీవీకీ ముడిపెడ్తావా? మనమేమో హిందువులం. ఏమనుకుంటాడో ఏమో. కోపమొస్తే ఈడ ఉండే ఇఖామా కాయితం రద్దు చేసి ఇద్దర్నీ విమానం ఎక్కిస్తాడు. నాకు ఇంటికాడ ఇద్దరు బిడ్డలుండారు అబ్బీ."

"అయితే నువ్వు చెప్పొద్దు. నేనే చెప్తా."

"నీ అరబ్బీకి నేను సచ్చిపోతా! 'రా, పో, ఖలాస్' తప్ప ఏమొచ్చు నీకు?"

నమాజు ముగిసింది. ముసలాయన చాప మడుస్తుంటే ఎదురెళ్లాను. నాకొచ్చిన అరబ్బీ అంతా కలిపినా ఒక వాక్యం కాదు. అందుకని చేతులతో చెప్పాను. ఆయన నిలబడిన చోటు చూపించాను. ముందుకు చెయ్యి చాపాను. "బాబా, ఇక్కడ నమాజ్. డిష్ కూడా ఇటే. కొంచెం యసార్. అంతే. అన్ని చోట్లా, ప్రతి చోటా." యసార్ అంటే ఎడమ. ఫోటో చూపించాను. నేను చెబుతుంటే వెనక అన్న దేవుళ్లందరి పేర్లూ వరసగా పిలుస్తున్నాడు.

ముసలాయన ఫోన్ తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఇసకలో గుంటలు చూశాడు. నాకు బెజవాడ రైల్వే స్టేషన్ కళ్ల ముందు కనిపించింది, సూట్‌కేసుతో దిగుతున్న నేను కనిపించాను. ఆయన ఫోన్ నా చేతికిచ్చి, చాప భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని నడిచాడు. కారవాన్ అవతలి పక్కకి, నమాజు చోటికి బాగా ఎడంగా, ముందుకి కాకుండా పక్కకి. అక్కడ ఆగి, ఎండని, తన నీడని ఒకసారి చూసుకుని, ఇసకలో కర్రతో పొడుగ్గా ఒక గీత గీశాడు. ఆ గీత కొసని కాస్త ఎడమకి వంచాడు. నా వైపు తిరిగి,

"యా ముహందిస్, యల్లా!" అన్నాడు. ఓ ఇంజనీరూ, కానీ అని. పక్కన అన్నతో ఇంకేదో అన్నాడు.

అన్నకి ప్రాణం లేచొచ్చింది. "నమాజు వేరే, తమాషా వేరే అంటాండు. పక్కన పెట్టుకో, నాకు అడ్డం రాకు అంటాండు."

స్టాండు నేను పాతబోయాను. ఆయన నా చెయ్యి తోసేశాడు. తనే పాతాడు. ఎత్తు ఎంత ఉండాలో డిష్ వెనక మార్కర్‌తో గీత గీసి చూపించాను, అది ఎప్పటికీ మారదు కదా. ఆయన గీత వెంట చూస్తూ మెల్లగా తిప్పాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నాను. ఫైండర్ కూసింది! ఆ కూత వినగానే ముసలాయన వెనక్కి గెంతాడు, తేలు కుట్టినట్టు. తర్వాత నవ్వాడు. ఆయనకి ముందు పళ్లు లేవని నాకు అప్పుడే తెలిసింది.

అదే సమయానికి ఒక పెద్ద కారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. పెద్ద కొడుకు. తెల్లటి బట్టలు, కారు ఇంజన్ ఆపలేదు, తండ్రి వైపు తలుపు ముందే తెరిచి పట్టుకున్నాడు. పందెం వేళవుతోంది, ఇక్కడ టీవీ రావడం లేదంట కదా, ఎక్కు నాయనా అంటున్నాడు. ముసలాయన కొడుకు చెయ్యి పట్టుకుని కారవాన్ లోపలికి లాక్కెళ్లి మంచం మీద కూర్చోబెట్టాడు. టీవీ చూపించాడు. కొడుకు బయటికొచ్చి కారు ఇంజన్ ఆపి మళ్లీ లోపలికి వెళ్లాడు.

పందెం మొదలైంది. వందల ఒంటెలు ఒక్కసారి దూకినట్టు అనిపించింది నాకు. వీపుల మీద మనుషులకి బదులు చిన్న చిన్న రోబోలు, పక్కనే వరసగా కార్లు హారన్లు కొట్టుకుంటూ. వాటిలో మన బింత్ ఏదో నాకెలా తెలుస్తుంది? ముసలాయన తెర మీద వేలు పెట్టి చూపించాడు. ఎర్ర గుడ్డ. ఎక్కడో వెనక ఉంది. అన్న అప్పుడే మొదలుపెట్టాడు: "లగెత్తు తల్లీ! లగెత్తు! పిడికెడు ఖర్జూరాలు నా చేత్తో తిన్యావు కదే!"

సగం పరుగయింది. గాలి లేచింది. బయట ఇసక కారవాన్ గోడకి చరచరా కొట్టింది. బొమ్మ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. ముసలాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఒక్క గెంతులో బయటికి దూకాను. స్టాండు కాళ్ల మీద ఇసక మూటలున్నా డిష్ పట్టుకున్న పైపు గాలికి వణుకుతోంది. రెండు చేతులతో పైపుని వాటేసుకున్నాను. గడ్డం డిష్ వీపుకి ఆనించి, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మొహమంతా ఇసక. జేబులో ఫోన్ మోగుతోంది. ఫోర్‌మేన్ అని తెలుసు. మోగీ మోగీ ఆగింది, మళ్లీ మోగింది. జీవితంలో మొదటిసారి మోగుతున్న ఫోన్ నేను తీయలేదు.

లోపల్నుంచి గొంతులు మాత్రం వినిపిస్తున్నాయి. వ్యాఖ్యాత అరబ్బీలో ఊపిరి తీసుకోకుండా అరుస్తున్నాడు. అన్న రాయలసీమలో అరుస్తున్నాడు. "వస్తాంది అబ్బీ! పక్కనుంచి వస్తాంది! నల్లదాన్ని దాటేసింది! వదలొద్దు, పట్టుకోని ఉండు!" అది నాతో అన్నాడో, ఒంటెతో అన్నాడో తెలియలేదు. పెద్ద కొడుకు కూడా అరుస్తున్నాడు, ఇందాక తలుపు తెరిచి పట్టుకున్న ఆ మనిషే. మధ్యలో ముసలాయన గొంతు, ఒకే మాట. "యా బింతీ! యా బింతీ!" నా పిల్లా, నా పిల్లా అని. తర్వాత కారవాన్ మొత్తం ఊగింది. చక్రాలు కిర్రుమన్నాయి. లోపల ముగ్గురూ గెంతుతున్నారని అర్థమైంది. నేను పైపు వదల్లేదు. డిష్ కదల్లేదు.

బింత్ గెలవలేదు, మూడోది వచ్చింది. కానీ ఆ ముసలాయనని చూస్తే ఒంటె ప్రపంచాన్ని గెలిచినట్టు ఉంది. బయటికొచ్చి ఇసక కొట్టుకుపోయిన నా మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, తన ముక్కుని నా ముక్కుకి తాకించాడు. ఇక్కడ మగవాళ్లు బాగా దగ్గరివాళ్లకే అలా చేస్తారు. కొడుకు కారెక్కి వెళ్లేటప్పుడు ఒక్కడే వెళ్లాడు. తండ్రి పక్కన తలుపు తెరవలేదు.

నేను మిష్రిఫ్ చేరేసరికి సాయంత్రం. ఆ రోజుకి తిట్లు తిని ఊరుకున్నాను. అసలు గొడవ తర్వాత. పచ్చిక అయిపోయి కారవాన్ మళ్లీ కదిలింది. అన్న ఒక వీడియో పంపాడు: ముసలాయన ఇసకలో గీత గీసి డిష్ తిప్పుతున్నాడు, ఫైండర్ కూయగానే కెమెరా వైపు తిరిగి బోసి నవ్వు నవ్వాడు. ఆ మీటరు నాదే, వచ్చేటప్పుడు ఆయనకి వదిలేసి వచ్చాను. ఆయన ఊరుకున్నాడా? చుట్టుపక్కల డేరాల వాళ్లందరికీ నేర్పించాడు. ఆ రోడ్డు నుంచి మా షాపుకి ఫోన్లు తగ్గిపోయాయి. ఫోర్‌మేన్ నన్ను పిలిచాడు.

"కిటుకు చెప్పేశావంట కదా కస్టమర్‌కి?"

"చెప్పాను. అయితే?"

"అయితే ఏంట్రా? వాళ్లకి వాళ్లే చేసుకుంటే మనం తినేదేంటి, ఇసకా? ఏ డాక్టరైనా పేషెంటుకి వైద్యం నేర్పించి పంపుతాడా?"

"పందెం నడిచేటప్పుడు గాలొచ్చి డిష్ కదిలితే మీ విజిట్ బిల్లు చూపిస్తే సరిపోతుందా గురువు గారూ? లేక రిగ్గై నుంచి నేను వచ్చేదాకా ఆ ఒంటెలు ఆగుతాయా?"

"నీ నోరే నీకు శత్రువు రా" అన్నాడు ఆయన. కోపంగా కాదు, విసుగ్గా. ఆయన మాటలోనూ న్యాయం ఉందని నాకు తెలుసు, షాపులో ఆరుగురం ఆ పని మీదే బతుకుతున్నాం. కానీ నేను తగ్గలేదు. మాట మాట పెరిగింది. నెల తిరక్కుండా నేను వేరే కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, దగ్గరికి మారిపోయాను.

ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ గ్రూపులో ఎవడో ఒకడు అంటాడు, ఉద్యోగం పోయేంత అవసరమా బ్రో, ఆయనకి నువ్వే డిష్ తిప్పి వస్తూ ఉంటే నీకూ బాగుండేది, ఆయనకీ బాగుండేది అని. ఆయనకి బాగుండేదా? ప్రతి మకాంలోనూ నా బండి దుమ్ము కోసం రోడ్డు వైపు చూస్తూ, ఒక రోజు నేను రాకపోతే కొడుకు కారెక్కాల్సిన ఆ ముసలాయనకి బాగుండేదా? సరే, మీదే కరెక్టు అనుకుందాం. అయితే ఈ గురువారం సాల్మీ రోడ్డుకి రండి, నేనే తీసుకెళ్తా. ఆయన గీత గీసి డిష్ తిప్పుకుంటుంటే ఎదురుగా నిలబడి, "బాబా, ఇది నీకు నేర్పకుండా ఉండాల్సింది" అని ఆయన మొహం మీద చెప్పే దమ్ము మీలో ఎవడికుంది?